పచ్చగా వెలిగింది

ఎముక నూటికి తొంభై పాళ్ళు అతుక్కుందని యంత్రం చెప్పింది. కాలు మాత్రం ఇంకా వేడిగానే ఉంది.

బుధవారం పొద్దున్న పూజ ముగించుకుని వచ్చిన గవర్రాజు, మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న భార్య రెండు పాదాల మీదా రెండు అరచేతులు ఆన్చి, ఎవరో చెవిలో చెప్పే మాట వింటున్నట్టు కళ్ళు మూసుకుని కాసేపు ఉండిపోయాడు.

"ఏంటండీ ఆ జపం?" అంది లోవలక్ష్మి.

"ఎడంకాలు చల్లగానే ఉంది. కుడికాలు ఇస్త్రీపెట్టె మీద చెయ్యి వేసినట్టుంది. అతుక్కున్న కాలైతే ఈపాటికి చల్లబడొద్దూ?"

"నన్నడిగితే నాకేం తెలుస్తుంది? నాకు రెండూ ఒకటే. రెండూ నావి కానట్టే ఉంటాయి."

ఆమె నవ్వుతూనే అన్నా, ఆ మాటలో అబద్ధం లేదు. పద్నాలుగేళ్ళుగా చక్కెర జబ్బు ఆమె పాదాల్లోంచి స్పర్శని కొంచెం కొంచెంగా తీసుకుపోయింది. ఆషాఢమాసంలో పెరటి గట్టు దిగుతుంటే కాలు మడత పడింది. నొప్పి లేదు కనక ఏమీ కాలేదనుకుంది. పది రోజులు అదే కాలితో తిరిగింది, పిండి రుబ్బింది, మేడెక్కి దిగింది. పాదం బుట్టలా వాచాక ఊళ్ళో డాక్టరు ఫోటో తీయించి చూస్తే, లోపల చిన్న ఎముకలు విరిగిన అప్పడాల్లా ఉన్నాయి. చక్కెర ఉన్న ఒంట్లో ఎముక తొందరగా అతకదనీ, అతక్కుండా దాని మీద బరువు మోపితే పాదం కుంగి పుండు పడుతుందనీ, అక్కడి దాకా వస్తే ఇక కాలు తీసెయ్యడమేననీ ఆయన మొహం మీదే చెప్పాడు. చెప్పి, కాకినాడ పొమ్మన్నాడు. అక్కడ ఒక పరిశోధన కేంద్రంలో, పేరు మనకెందుకులెండి, వెలుతురుతో ఎముక అతికిస్తున్నారట.

అక్కడ ఇచ్చినదే ఈ పట్టీ. బీపీ చూసే గుడ్డంత వెడల్పు. లోపలంతా ఆవగింజలంత దీపాలు. రోజూ నలభై నిమిషాలు పాదానికి చుట్టి ఉంచాలి. దాన్లో రెండు వెలుతుర్లున్నాయి. మొదటిది కంటికి ఆనదు, చర్మం దాటి లోపలికి ఇంకి బద్ధకించిన ఎముకని లేపుతుంది. రెండోది ఊదారంగుది, చివర్లో ఒక్కసారి మెరుస్తుంది, మీట నొక్కితే ఎప్పుడైనా మెరుస్తుంది. పొద్దున్నే మింగిన మాత్రలోని మందు కొత్తగా పుట్టిన ఎముకలో చేరి కూర్చుంటుంది, ఆ ఊదా మెరుపు తగలగానే తిరిగి వెలుగుతుంది. ఆ వెలుగెంతో పట్టీ లెక్కగట్టి అంకె చూపిస్తుంది. ఎముక పెరిగేకొద్దీ మొదటి దీపాన్ని తనంతట తనే తగ్గించుకుంటుంది, అన్నం ఉడికేకొద్దీ మంట తగ్గించినట్టు. తొంభై దాటితే పట్టీ అంచున పచ్చదీపం వెలుగుతుంది. అంటే మోకాలి దాకా ఉన్న ప్లాస్టిక్ బూటు విప్పేసి నడవొచ్చని.

ఆ పొద్దున్న పచ్చదీపం వెలిగింది.

"సోమవారం బూటు తీసేస్తారు. మంగళవారం నుంచీ నా వంటింట్లోకి నేను నడిచి వెళ్తాను. మీ చేతి ఉప్మా తిని తిని నాలిక చచ్చిపోయింది," అంది లోవలక్ష్మి.

గవర్రాజు చేతులు పంచెకి తుడుచుకున్నాడు.

"ముప్పై నాలుగేళ్ళు పచ్చదీపం చూపించి రైళ్ళు పంపిన మనిషి కదా. ఇంట్లో వెలిగిన పచ్చదీపాన్ని నమ్మరా?"

"అందుకే నమ్మబుద్ధి కావట్లేదు, లోవా."

సామర్లకోట జంక్షన్లో సిగ్నళ్ళు బాగుచేసే పనిలో అతను రిటైరయ్యాడు. ఆ పనిలో మొదటి రోజే నేర్పే పాఠం ఒకటుంది. సిగ్నల్ పాడైతే ఎర్రదీపమే వెలగాలి. తీగ తెగినా, వాన నీళ్ళు దిగినా, బండి ఆగాలి తప్ప సాగకూడదు. అలా కాక, పాడైపోయి కూడా పచ్చ చూపించిందంటే దాన్ని రాంగ్ సైడ్ అంటారు. ఆ మాట వింటే స్టేషన్లో ఎవరికీ అన్నం సయించదు. ఉద్యోగమంతటిలో గవర్రాజు అలాంటిది రెండేసార్లు చూశాడు. రెండుసార్లూ యంత్రం పెట్టె మూత మీద చెయ్యి పెడితే, వేడిగా ఉండకూడని చోట వేడి తగిలింది.

*

గురువారం ఒక్కడే కాకినాడ వెళ్ళాడు.

పట్టీల వ్యవహారం చూసే డాక్టరు పేరు రూతు. ముప్పై ఏళ్ళుంటాయి. ఎప్పుడూ ఎదుటి మనిషిని కూర్చోబెట్టాకే తను కూర్చునే అమ్మాయి. ఆ రోజు మాత్రం నిలబడే మాట్లాడింది.

"అమ్మగారి అంకెలు చాలా బాగున్నాయి, గవర్రాజు గారూ."

"అంకెలు బాగున్నాయి. కాలు వేడిగా ఉందండి."

ఆమె కంప్యూటర్లో రోజువారీ అంకెల గీత చూపించింది. రెండో వారం నుంచీ మెట్లు కట్టినట్టు పైకి ఎక్కింది. మధ్యలో ఒక్కచోట మాత్రం బావిలోకి పడినట్టు కిందకి దిగి మళ్ళీ లేచింది.

"ఇదేంటండి?"

"అది నెల కిందట ఇక్కడ మేం చూసినప్పటిది. ఇక్కడ పద్దెనిమిది వచ్చింది. ఆ ముందు రోజు మీ ఇంట్లో యాభై ఐదు, ఆ మర్నాడు యాభై ఏడు." ఆగి, గొంతు తగ్గించింది. "ఏమీ అనుకోకండి. ఇంట్లో ఈ పట్టీ ఇంకెవరి కాలికైనా కట్టారా?"

గవర్రాజుకి చెవులు వేడెక్కాయి. "మా ఆవిడ విరిగిన కాలు పెట్టుకుని, బాగున్న కాళ్ళకి కట్టి మిమ్మల్ని మోసం చేస్తామా? మాకేం వస్తుందండి?"

"పోనీ, కాలికి నూనెలు, మందులు, క్రీములు..."

"మొదటి రోజే అడిగారు కదా. ఏవీ రాయడం లేదని చెప్పాం. ఇప్పుడూ అదే మాట."

"ప్రొఫెసర్ గారు ఇంటి అంకెలే సరైనవంటారు. ఇక్కడ చూసేది ఒకసారి, ఇంట్లో చూసేది ముప్పైసార్లు కదా అని."

"ఎక్స్‌రే తియ్యండి మరి."

తీశారు, పోయిన నెలలోనే. ఆ ఫిల్మే మళ్ళీ బయటికి తీసి చూపించింది. విరుగుళ్ళ దగ్గర మంచు పట్టినట్టుంది తప్ప అతుకు కనపడలేదు.

"ఎక్స్‌రేలో తేలడానికి ఇంకో నెల పడుతుందని ప్రొఫెసర్ గారంటారు."

"మీరేమంటారు?"

రూతు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆ అమ్మాయికీ ఏదో అనుమానముందనీ, బయటికి అనలేకపోతోందనీ అప్పుడు తెలిసింది అతనికి. తమని అనుమానిస్తోందా, యంత్రాన్నా, ప్రొఫెసర్‌నా అన్నది తెలియలేదు.

బయటికి వస్తుంటే వరండా గోడ మీద 'నడిచినవారు' అని రాసి వరసగా ఫోటోలు కనపడ్డాయి. తొమ్మిది మంది. తొమ్మిది మందీ ఆడవాళ్ళే. మొహాల నిండా బొట్లు, మెడల్లో తాళ్ళు.

"మగాళ్ళకి అతకవాండి ఎముకలు?" అని వెనక్కి తిరిగి అడిగాడు.

"మగవాళ్ళకి మెల్లిగా అతుకుతోంది. ఎందుకో చూస్తున్నాం," అంది రూతు. గుమ్మం దాకా వచ్చి, "వీళ్ళలో ఇద్దరికి మళ్ళీ వాపు వచ్చింది. ఎక్కువ నడిచేశారని రాశాం," అని లోపలికి వెళ్ళిపోయింది.

*

సిగ్నల్లో లోపం ఎక్కడుందో తెలియకపోతే ఒక్కో ముక్కా మార్చి చూస్తారు. దీపం మార్చి, తీగ మార్చి, పెట్టె మార్చి. ఏది మారిస్తే గుణం మారుతుందో లోపం దాన్లో ఉన్నట్టు.

శుక్రవారం లోవలక్ష్మి యథాప్రకారం పీట మీద కూర్చుని తలంటుకుని, దేవుడి దగ్గర దీపం పెట్టించుకుని, పట్టీకి కూడా కుంకుమ బొట్టొకటి పెట్టి, కాలికి కట్టించుకుంది. నలభై నిమిషాలయ్యాక తొంభై ఒకటి చూపించి పచ్చగా వెలిగింది.

"ఇంక విప్పండి."

గవర్రాజు విప్పాడు. విప్పి, తన కుడికాలికి చుట్టుకున్నాడు.

"అయ్యో, అదేం పని!"

"ఊరికే."

ఊదా మెరుపు మెరిసింది. అంకె రెండు. విరగని ఎముక, మందు మింగని మనిషి. రెండంటే సరిగ్గానే చెప్పినట్టు. పట్టీలో లోపం లేదు.

అప్పుడు దాన్ని తీసి లోవలక్ష్మి ఎడంకాలికి కట్టాడు. ఎన్నడూ విరగని కాలు. వెలుతురు ఒక్కరోజు కూడా పడని కాలు.

మెరుపు మెరిసింది. ఎనభై ఎనిమిది.

ఇద్దరూ ఆ అంకె వైపు చూశారు. వంటింట్లో పాలు పొంగి స్టౌ మీద పడ్డ చప్పుడైనా ఎవరూ లేవలేదు.

"విరక్కుండానే అతుక్కుందా?" అంది లోవలక్ష్మి.

"అదే."

"అంటే దీనికి బుర్ర లేదు."

"ఉంది. నా కాలి సంగతి నిజమే చెప్పింది. నీ కాళ్ళ దగ్గరే అబద్ధమాడుతోంది."

"బాగుంది! నా కాళ్ళకేం పుట్టింది? మీకు అనుమానం జబ్బు పట్టుకుంది. మొన్న డాక్టర్ల మీద, నిన్న ఆ అమ్మాయి మీద, ఇవాళ నా మీద!"

విసురుగా అని మొహం తిప్పుకుంది కానీ, సాయంత్రం దాకా ఆమె చూపు తన ఎడంకాలి మీదే ఉంది.

*

శనివారం ఇద్దరూ ఆటోలో కాకినాడ వెళ్ళారు. ఎడంకాలి సంగతి వినగానే రూతు ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా చక్రాల కుర్చీని తనే తోసుకుంటూ కిటికీల్లేని గదిలోకి తీసుకెళ్ళింది. తలుపేసి లైట్లార్పి, చేతిదీపమంత ఊదా దీపం వెలిగించింది.

గవర్రాజు ఒక అడుగు వెనక్కి వేశాడు.

చీకట్లో లోవలక్ష్మి పాదాలు రెండూ వెలుగుతున్నాయి. విరిగిన చోట కాదు, మొత్తం పాదాలు. పసుపూ కాదు, ఆకుపచ్చా కాదు, రెండూ కలిసిన పచ్చ. చీలమండల చుట్టూ వేళ్ళు లాగిన గీతలు కూడా తెలుస్తున్నాయి. గోళ్ళ మూలల్లో మరింత మెరుపు. రూతు దీపాన్ని పైకెత్తింది. కుడి అరచెయ్యి వెలిగింది. చీర కొంగు మీద వేళ్ళు తుడుచుకున్న మరకలు వెలిగాయి. చెంపలు మసగ్గా వెలిగాయి. మెడలో పసుపుతాడు నిప్పుతో పేనినట్టు వెలిగింది.

ముప్పై ఆరేళ్ళుగా రోజూ చూస్తున్న మనిషి. గవర్రాజు తనకి తెలియకుండానే చేతులు జోడించాడు.

"పసుపు!" అంది రూతు. చిన్నగా, ఏడుపులా. "అమ్మగారూ, మీరు పాదాలకి పసుపు రాస్తున్నారు."

"రాసుకోకేం? రోజూ రాసుకుంటాను."

"ఏమీ రాయలేదన్నారు కదండీ!"

"ఏవమ్మా, పసుపు రాసుకోవడం కూడా రాయడమేనా? అది మందా, మాకా? మొహం కడుక్కోవడం లాంటిది. కాళ్ళు శుభ్రం చేసుకుని పట్టీ కట్టుకోమని మీ కాయితంలోనే ఉంది. పసుపు లేకుండా నీళ్ళు పోసేసుకుంటే అది శుభ్రం ఎలాగవుతుంది? పైగా అది దీపమాయె. దీపం ముందుకి బోడికాళ్ళతో వెళ్తానా? పట్టీ కట్టే ముందు రోజురోజుకీ ఇంకాస్త దట్టంగానే రాసేదాన్ని."

రూతు లైటు వేసి గోడకి ఆనుకుంది. "మాత్రలోని మందు వెలిగే రంగూ, పసుపు వెలిగే రంగూ ఒకటే. పట్టీ మీ పసుపుని చూసి ఎముక అనుకుంది. ఇక్కడ చూసేటప్పుడు నర్సు స్పిరిట్‌తో తుడిచేది, అందుకే తగ్గింది. లోపలి గుడ్డ పచ్చబడితే చెమట మరకనుకున్నాం. మా ఇంట్లో పాదాలకి పసుపు రాసుకోరండి, నాకు తట్టలేదు. ప్రొఫెసర్ గారింట్లో రాసుకుంటారు. ఆయనకీ తట్టలేదు."

దూదితో పాదం నాలుగుసార్లు తుడిచి, పట్టీ కట్టి చూసింది. ఇరవై మూడు.

"ఇన్ని వారాలు కట్టుకుంటే ఇంతేనా?" అన్నాడు గవర్రాజు.

"పసుపు వెలుగు చూసి, ఎముక పెరిగిపోయిందనుకుని, పట్టీ తన దీపం తగ్గించేసుకుంది. మూడో వారం నుంచీ కాలికి వెలుతురు అందనేలేదు. మళ్ళీ మొదలుపెట్టాలి. కాలి మీద బరువు మోపకపోవడం ఒక్కటే అదృష్టం. సోమవారం బూటు విప్పి నడిపించి ఉంటే..."

"గోడ మీద ఫోటోల్లో వాళ్ళు?" అని అడిగాడు.

రూతు వరండాలోకి వెళ్ళి ప్రొఫెసర్‌కి ఫోను చేసింది. ఆయన ఏదో సభలో ఈ పట్టీ గురించే మాట్లాడటానికి ఢిల్లీ వెళ్ళాడు. మాటలు వినపడలేదు కానీ, తలుపు సందులోంచి ఆమె తల వంచుకుని నిలబడటం కనపడింది.

తిరిగొచ్చి చెప్పింది. "గురువారం తిరిగొస్తారట. అన్నీ సరిచూసుకునే దాకా రోగులెవరికీ ఏమీ చెప్పొద్దన్నారు. ఒక్కరి కాలు చూసి అందరినీ భయపెట్టకూడదంటున్నారు. నేను ఆయనకి కాయితం రాస్తాను. అంతకంటే..."

"గురువారానికి ఎంతమంది నడుస్తారండి?"

"గోడ మీదివాళ్ళు ఎప్పుడో నడిచేశారు. పచ్చదీపం వచ్చి ఇంకా బూటు విప్పనివాళ్ళు మీరు కాక ఏడుగురు. దూరం వాళ్ళని మూడు రోజులు వరసగా పచ్చ వస్తే ఇంటి దగ్గరే విప్పుకోమన్నాం."

లోవలక్ష్మి ఇవేవీ వింటున్నట్టు లేదు. తుడిచేసిన కుడిపాదాన్ని చూసుకుంటోంది. అది తెల్లగా పాలిపోయి, వేరే ఎవరిదో తెచ్చి పెట్టినట్టుంది.

"ఇంటికెళ్ళాక రాసుకోవచ్చా?" అంది.

"వద్దు అమ్మగారూ. ఎముక అతికే దాకా వద్దు. మూడు నెలలు."

లోవలక్ష్మి ఆటోలో సామర్లకోట దాకా ఆ కాలి వైపు చూడకుండానే కూర్చుంది.

*

ఆదివారం పొద్దున్న స్నానమయ్యాక పసుపుగిన్నె తెమ్మంది.

"వద్దన్నారు కదా."

"వాళ్ళన్నారు. మొగుడు బతికుండగా కాళ్ళు తుడిచెయ్యమంటే తుడిచేస్తానా? ఎవరికి తుడుస్తారో మీకు తెలీదా? మా అమ్మకి తుడిచినప్పుడు నేనే పక్కన ఉన్నాను."

గవర్రాజు గిన్నె తెచ్చాడు. ఇవ్వలేదు. చేతిలో పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే అతనికీ మనసు బాగోలేదు. ఆమె బోడిపాదం మీద పడ్డ చూపుని వెంటనే పక్కకి తిప్పుకుంటున్నాడు. పూజలో కూర్చున్నా అదే కనపడింది. అమ్మవారి పాదాలకి పసుపు పెడుతూ ఆగిపోయాడు.

"లోవా, దేవుడు నా ఆయుష్షు తీసుకెళ్ళి నీ కాళ్ళ రంగులో పెట్టాడంటావా?"

"పెట్టలేదని మీకెవరు చెప్పారు?"

గవర్రాజు గిన్నె ఆమె వైపు జరిపాడు. "పెట్టాడనే అనుకుందాం. ఆయుష్షు నాదే కదా. నా కాళ్ళకే రాయి."

"ఏంటీ?"

"మూడు నెలలు నీ బదులు నా కాళ్ళకి రాయి. దట్టంగా రాయి. నీకెంత కావాలో అంత."

"పెళ్ళికొడుకనుకుంటారు! వీధిలో నవ్వరూ?"

"నవ్వనీ. నీ కాలు పోతే ఎవరూ నవ్వరు. అది నాకు అక్కర్లేదు."

లోవలక్ష్మి అతని మొహంలోకి చూసింది. వేళాకోళం లేదక్కడ. ఆమెకి నవ్వొచ్చింది, నవ్వులోనే కళ్ళు తుడుచుకుంది. అతని కాళ్ళు దగ్గరికి లాక్కుని, పసుపు తడిపి, చీలమండల దాకా రాసింది. రాస్తూ మధ్యలో గోడ మీద పటం వైపు తలెత్తి, "అమ్మా, మూడు నెలలు సెలవు. మళ్ళీ చేరతాను," అంది. తరవాత తన ఎడంకాలు కూడా తడిగుడ్డతో తనే తుడుచుకుంది. ఒక కాలికుండి ఒక కాలికి లేకపోతే మరీ చూడలేనంది.

చెయ్యి కడుక్కుని, "ఫోనివ్వండి," అంది.

"ఎవరికి?"

"ఏడుగురున్నారు కదా. కేంద్రంలో కూర్చున్నప్పుడు నంబర్లు తీసుకున్నాం. వరసలు కలుపుకుని వాట్సాప్‌లో గుంపు కూడా పెట్టుకున్నాం, పచ్చ వచ్చినవాళ్ళంతా అందులో చెప్పుకున్నారు. ఆ డాక్టరమ్మ చెయ్యకూడదు సరే, నన్నెవడు వద్దన్నాడు? గుంపులో రాస్తే మగాళ్ళు కూడా చదువుతారు, ఫోనే చేస్తాను."

మొదట తుని వదిన. లోవలక్ష్మి కుశలాలడిగి, గొంతు సర్దుకుంది. "ఒక మాట అడుగుతాను, ఏవనుకోకు వదినా. కాళ్ళకి పసుపు రాసుకునే పట్టీ కడుతున్నావా?"

"అదేం ప్రశ్నే! రాసుకోకుండా ఎలా ఉంటాం?"

"అయితే బూటు విప్పకు. నీ దీపం నీ పసుపుని చూసి వెలుగుతోంది, ఎముకని చూసి కాదు. నాకూ అంతే అయ్యింది. తొంభై ఒకటి చూపించిందా, తుడిచి చూస్తే ఇరవై మూడు. నువ్వూ తుడుచుకుని చూడు."

"తుడుచుకోవడమా! నోటెంట అదేం మాటే? ఈయనకసలే గుండెజబ్బు."

"నా కాలు నిన్నటి నుంచీ బోడిగానే ఉంది. మా ఆయన ఎదురుగానే కూర్చున్నారు."

"నిజంగా?"

లోవలక్ష్మి ఫోను ముందుకు చాపింది. "ఏవండీ, ఒకసారి దగ్గండి."

గవర్రాజు దగ్గాడు.

"విన్నావా?"

"గట్టిగానే ఉన్నారు," అంది తుని వదిన. "సరే, తుడిచి చూస్తాను. ఏదైనా అయిందో, నీ పని చెప్తాను."

పెద్దాపురం చెల్లెలు ఏడ్చింది. పిఠాపురం అక్క ఫోను పెట్టకుండానే తుడుచుకుని, పట్టీ కట్టుకుని, అంకె ముప్పై ఒకటని చెప్పింది. జగ్గంపేట పిన్నిగారు మాత్రం ఎదురు తిరిగింది.

"నీకు చెప్పిందెవరు? ఆ రూతు అమ్మాయా? వాళ్ళు చర్చికెళ్ళేవాళ్ళు కదే. మన పసుపు తుడిపించడానికి ఎత్తేమో!"

"ఆ అమ్మాయి కాదు పిన్నీ, నా ఎడంకాలు చెప్పింది. నీ బాగున్న కాలికి పట్టీ కట్టి చూడు. దానిక్కూడా ఎముక అతికిందంటుంది. అప్పుడు ఎవరిది ఎత్తో నువ్వే చెప్పు."

"మీ ఆయన ఎలా ఉన్నారు?"

"దగ్గండి."

ఆరో పిలుపయ్యేసరికి గవర్రాజు గొంతు నిజంగానే గీరుకుపోయింది. లోవలక్ష్మి మంచినీళ్ళ గ్లాసు అందించి, ఏడో నంబరు నొక్కింది. గొల్లప్రోలు సత్యవతమ్మ. ఆ ఏడుగురిలో ముందు పచ్చదీపం ఆమెకే వచ్చింది, మొన్న గురువారం. మూడు రోజులు నిన్నటితో నిండాయి.

మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ ఆగిపోయింది.

"గుడికెళ్ళిందేమో," అంది.

ఇంతలో ఫోను టింగుమంది. గుంపులోకి ఫోటో వచ్చింది. కింద ఒకే ఒక్క వాక్యం, 'స్వామి దయవల్ల మొక్కు తీరుస్తున్నాను'. అన్నవరం కొండ మొదటి మెట్టు. దాని మీద రెండు పాదాలు. బూటు లేదు, చెప్పుల్లేవు. చీలమండల దాకా, గోళ్ళ చివర్ల దాకా, ఇంకా తడి ఆరని నిండు పసుపు.

లోవలక్ష్మి మూడోసారి నంబరు నొక్కి, గొంతు బాగా వినపడేలా స్పీకరు పెట్టి, ఫోనుని ఇద్దరికీ మధ్య మంచం మీద ఉంచింది. గవర్రాజు గ్లాసు కింద పెట్టాడు. దగ్గడానికి గొంతు సవరించుకుని, ఫోను మీదికి వంగి కూర్చున్నాడు.

అవతల మోగుతూనే ఉంది.